బీచుపల్లి బ్రిడ్జి వస్తుందంటే చేతులకు చెమటలు: వంతెన భయం లోపల ఏం జరుగుతుంది?

హైదరాబాద్ నుంచి కర్నూలు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద పెబ్బేరు దాటి రంగాపూర్ దగ్గరికి వచ్చేసరికి బస్సులో కాస్త కదలిక మొదలవుతుంది. కృష్ణ వస్తోంది. ఒకరు పర్సులో చిల్లర వెతుక్కుంటారు, నీళ్లలో వేయడానికి. ఇంకొకరు నిద్రపోతున్న పిల్లను లేపి నదిని చూపిస్తారు. అవతలి ఒడ్డున ఆంజనేయస్వామి గుడి కనిపించగానే చేతులు జోడిస్తారు. అంతా కలిపి నిమిషం, నిమిషంన్నర. వంతెన అయిపోతుంది.

ఆ నిమిషం కోసం మా అక్క మూడేళ్లు కారు బయటికి తీయలేదు.

అక్కవాళ్లు ఉండేది పెబ్బేరులో. ఆమె పనిచేసే బడి నది అవతల, ఇటిక్యాల వైపు. పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతుంది. పట్టుబట్టి కారు నేర్చుకుంది, ఏడాదిపాటు హాయిగా నడుపుకుంటూ బడికి పోయి వచ్చింది. ఒక ఆగస్టులో పైన జూరాల గేట్లు ఎత్తారు, నది నిండుగా పారుతోంది. వంతెన మధ్యలో ముందున్న లారీ ఆగింది. అక్క కూడా ఆగింది. పక్క వరుసలోంచి ఇంకో లోడు లారీ పోయేసరికి కింద రోడ్డు సన్నగా వణికింది. ఆ వణుకు పాదాల్లోంచి పైకి పాకిందట. గుండె దడదడా కొట్టుకుంది, వేళ్లు తిమ్మిరెక్కాయి, ఊపిరి చాలలేదు. లారీ కదిలాక ఎట్లాగో అవతలి ఒడ్డుకు చేరి, గుడి దగ్గర కారు పక్కకు తీసి అరగంట అట్లాగే కూర్చుంది. మర్నాడు బస్సెక్కింది. ఆ మర్నాడు కూడా.

నాకు అర్థం కానిదల్లా ఒక్కటే. బస్సు కూడా అదే వంతెన మీద నుంచే పోతుంది. బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుని పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటుంది. ఎత్తు అదే, నీళ్లు అవే, వణుకు అదే. మరి భయం ఎక్కడికి పోయింది?

ఇది అక్క ఒక్కదానికే వచ్చింది కాదు. ఈ భయానికి గెఫైరోఫోబియా అని పేరుంది. గ్రీకులో గెఫైరా అంటే వంతెన. మానసిక వైద్యులు దీన్ని సందర్భాన్ని బట్టి పుట్టే ఫోబియాల్లో చేరుస్తారు. లిఫ్టు, విమానం, సొరంగం అంటే భయపడేవాళ్లది కూడా ఇదే కోవ. అయితే ఆ ఒక్క పేరు కింద నాలుగైదు వేర్వేరు భయాలు దాక్కుని ఉంటాయి, చిక్కంతా అక్కడే. ఒకరికి ఎత్తు భయం, ఒకరికి నీళ్ల భయం. కొందరికి వంతెన కూలుతుందేమోనని. ఇంకొందరికి పక్కకు తీసి ఆగే చోటు లేకపోవడమే భయం, ఎక్కిన తర్వాత అవతలి ఒడ్డు దాకా పోక తప్పదు. చాలామంది డ్రైవర్లకు మాత్రం అసలు భయం తమ ఒంటి మీదే: నడిపే చేతులు మొద్దుబారితే, కళ్లు తిరిగితే, స్టీరింగ్ వదిలేస్తే? ఏది ఎవరిదో తేల్చుకోకుండా అందరికీ ఒకే సలహా చెబితే పని జరగదు. ఈత రాకపోవడం వల్ల భయపడుతున్న మనిషికి వంతెన ఎంత గట్టిదో చెప్పి ఏం లాభం?

తేల్చుకోవడానికి ఒక చిన్న ప్రశ్న చాలు. నేను అదే అడిగాను. "అక్కా, బ్రిడ్జి మీద ఏమైతదని నీ భయం?"

చాలాసేపు ఆలోచించింది. "బ్రిడ్జికి ఏం కాదు తమ్మీ. నాకే ఏమన్నా అయితది. చేతులు నావి కానట్టు అయితయి. నేను పడిపోత, కారు ఎటో పోతది."

బస్సులో భయం ఎందుకు లేదో అప్పుడు తెలిసింది. బస్సులో ఆమె కళ్లు తిరిగినా బస్సు ఆగదు. స్టీరింగ్ ఇంకొకరి చేతిలో ఉంది.

ఇక్కడ శరీరం ఏం చేస్తుందో కొంచెం నిదానంగా చూడాలి. ఆపద అనిపించగానే మెదడులో బాదం గింజంత ఉండే అమిగ్డలా అనే భాగం, మనం ఆలోచించేలోపే హెచ్చరిక పంపేస్తుంది. అడ్రినలిన్ రక్తంలోకి వస్తుంది. పరుగెత్తడానికో, ఎదురు తిరగడానికో ఒళ్లు సిద్ధమవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి వేగం పెరుగుతుంది. కానీ కారులో కూర్చున్న మనిషి పరుగెత్తడు కదా. అవసరానికి మించి ఊపిరి తీసి వదలడంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. అది తగ్గితే మెదడుకు పోయే రక్తనాళాలు కాస్త బిగుసుకుంటాయి. తల తేలిపోయినట్టు ఉండటం, వేళ్ల చివర తిమ్మిరి, మూతి చుట్టూ చిమచిమ, ఇవన్నీ అందువల్లే. ఎక్కువ ఊపిరి తీసుకుంటున్నప్పుడే ఊపిరి చాలనట్టు అనిపించడం ఇందులోని విచిత్రం.

అప్పుడు మనసు ఈ లక్షణాలను చూసి ఒక మాట అనుకుంటుంది: "అయిపోయింది, పడిపోతున్నా." ఆ మాటే ఇంకో మోతాదు అడ్రినలిన్‌ను పిలుస్తుంది. ఇంగ్లండ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ క్లార్క్ 1986లో పానిక్ (ఉన్నట్టుండి ఒళ్లంతా ముంచెత్తే భయం) గురించి చెప్పింది ఈ చక్రం గురించే. ఒంట్లో మామూలుగా కలిగే మార్పును ముంచుకొచ్చే ఆపదగా అనుకోవడంతోనే అది తిరగడం మొదలవుతుంది.

నిజానికి పానిక్‌లో స్పృహ తప్పడం చాలా అరుదు. స్పృహ తప్పాలంటే బీపీ ఒక్కసారిగా పడిపోవాలి. భయం పట్టినప్పుడు గుండె గట్టిగా కొట్టుకుంటుంది కాబట్టి బీపీ సాధారణంగా పెరుగుతుంది. రక్తం, సూది చూసి పడిపోయేవాళ్ల సంగతి వేరు, వాళ్లకు బీపీ పడిపోతుంది. వంతెన భయంలో అట్లా జరగదు. ఇంకొక మంచి సంగతి, పానిక్ ఎక్కినంత వేగంగానే దిగుతుంది. కొద్ది నిమిషాల్లో తారస్థాయికి చేరి తనంతట తాను తగ్గడం మొదలుపెడుతుంది. అక్కకు ఈ రెండు సంగతులు చెప్పినప్పుడు ఆమె ముఖంలో వచ్చిన తేడా నాకు ఇప్పటికీ గుర్తు. "అంటే నేను పడిపోనా?" అని రెండుసార్లు అడిగింది.

అయితే ఈ మాట అనుకునే ముందు ఒకసారి డాక్టరు దగ్గరికి పోవాలి. దడ, కళ్లు తిరగడం థైరాయిడ్‌తోనూ రావచ్చు, షుగర్ పడిపోయినా రావచ్చు, గుండె లయ తప్పినా, చెవి లోపలి సమస్యతోనూ రావచ్చు. అక్కకు ఈసీజీ, రక్తపరీక్షలు అన్నీ చేయించి, ఏమీ లేదని తేలాకే మిగతా పని మొదలుపెట్టాం. దీన్ని దాటవేసి "అంతా మనసులోనే" అనడం తప్పు.

వంతెనకు కూడా తన వాటా ఉంది. మనం నిలకడగా ఉన్నామా ఊగుతున్నామా అన్నది కళ్లు, చెవి లోపలి భాగం, కండరాలు, పాదాల స్పర్శ కలిసి తేలుస్తాయి. మామూలు రోడ్డు మీద ఇరుపక్కలా చెట్లు, ఇళ్లు, కరెంటు స్తంభాలు కళ్లకు ఆనవాళ్లుగా ఉంటాయి. వంతెన ఎక్కగానే ఆ ఆనవాళ్లు మాయమవుతాయి. దగ్గరలో కనిపించేది వెనక్కి దూసుకుపోయే రెయిలింగ్, దూరంగా కదిలే నీళ్లు. గద్వాల స్టేషన్‌లో ఆగి ఉన్న రైల్లో కూర్చున్నప్పుడు పక్క పట్టాల మీద ఇంకో రైలు కదిలితే మన రైలే కదిలిందని ఉలిక్కిపడతాం కదా, అటువంటి భ్రమే ఇది. కంటి కొసన కదలిక ఎంత ఎక్కువైతే అంత తూలినట్టు ఉంటుంది. అందుకే చూపు రెయిలింగ్ మీద కాకుండా, ముందు పోయే బండి దాటి దూరంగా రోడ్డు మీద పెట్టాలి. ఇది మామూలు సలహాలా ఉంటుంది కానీ కళ్లకు ఆనవాలు దొరకడానికి ఇంతకన్నా దారి లేదు.

ఇక ఆ వణుకు. వంతెన కదులుతుంది, కదలాలి. 40 మీటర్ల కాంక్రీటు దూలం 30 డిగ్రీల వేడి తేడాకు సుమారు 14 మిల్లీమీటర్లు సాగుతుంది, అంటే చిటికెన వేలి మందం. పాలమూరు, నల్లగొండ ఎండలకు ఆ మాత్రం తేడా పెద్ద విషయం కాదు. ఆ సాగుడుకు చోటివ్వడానికే స్లాబుల మధ్య సందులు వదులుతారు, దూలాల కింద బేరింగులు పెడతారు. టైరు కింద దబ్ దబ్‌మని చప్పుడయ్యేది ఆ సందుల దగ్గరే. బరువు లారీ పోతే దూలం కొన్ని మిల్లీమీటర్లు వంగి మళ్లీ లేస్తుంది. డిజైన్ చేసేటప్పుడే ఎంతవరకు వంగవచ్చో లెక్క వేస్తారు. వంగనీయకుండా, సాగనీయకుండా బిగించేస్తే కాంక్రీటు పగులుతుంది.

మా అక్క ఈ పాఠం ఏటా పిల్లలకు చెబుతుంది. ఉష్ణ వ్యాకోచం. రైలు పట్టాల మధ్య సందు ఎందుకు వదులుతారు అనే ప్రశ్నకు బోర్డు మీద బొమ్మ వేసి చూపిస్తుంది. అయినా వంతెన మీద ఆ దబ్‌మనే చప్పుడు వినిపించగానే ఆమె అరచేతులు తడిసిపోయేవి. తెలివి తక్కువై వచ్చే భయం కాదిది. "ఇంత చదువుకున్నవు, బ్రిడ్జికి భయపడతవా?" అని బావ మొదట్లో అనేవాడు. ఆయనకు చెడ్డ ఉద్దేశం లేదు. కానీ ఆ మాట విన్న ప్రతిసారీ ఆమె భయంతోపాటు సిగ్గును కూడా మోసింది, చివరికి భయం గురించి మాట్లాడటమే మానేసింది. ఇంట్లో ఎవరికైనా ఈ భయం ఉంటే దయచేసి ఆ మాట అనకండి.

వంతెనలు కూలడం లేదా అంటే, కూలుతున్నాయి. 2022 అక్టోబరు 30న గుజరాత్‌లోని మోర్బీలో వేలాడే వంతెన తెగి 130 మందికి పైగా చనిపోయారు. 2025 జులైలో అదే రాష్ట్రంలో మహిసాగర్ నది మీద గంభీరా వంతెనలో ఒక భాగం కూలి వాహనాలు నదిలో పడ్డాయి. ఫోన్లో ఆ వీడియో పదిసార్లు చూసిన మనిషికి పదకొండోసారి తన కారే అందులో కనిపిస్తుంది. వంతెనలను తనిఖీ చేయాల్సిన బాధ్యత ప్రభుత్వానిది, ఆ బాధ్యత గురించి గట్టిగానే అడగాలి. కానీ రోజూ పొద్దున బడికి పోయే టీచరు ఆ తనిఖీని తన గుండెతో చేయలేదు.

ఎందుకంటే భయానికి ప్రమాదాన్ని కొలవడం రాదు. మన జిల్లాల చరిత్రే చూడండి. 1956 సెప్టెంబరు 2న మహబూబ్‌నగర్, జడ్చర్ల మధ్య రైలు కింద వంతెన కూలి వందమందికి పైగా చనిపోయారు. అప్పటి రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు. అదే ఏడాది నవంబరులో తమిళనాడులోని అరియలూరు ప్రమాదం తర్వాత ఆ రాజీనామా ఆమోదం పొందింది. 2005 అక్టోబరు 29న వలిగొండ దగ్గర, అప్పటికి అది నల్లగొండ జిల్లా, వరదలో చిన్న రైలు వంతెన కొట్టుకుపోయింది. ఆ తెల్లవారుజామున డెల్టా ప్యాసింజర్ రైలు అక్కడ పడిపోయి వందమందికి పైగా పోయారు. ఈ రెండు విషాదాలూ జరిగింది కృష్ణ మీది మహా వంతెనల మీద కాదు, పేరు కూడా ఎవరికీ గుర్తుండని చిన్న వంతెనల మీద.

రోడ్డు సంగతీ అంతే. చెరువులు అలుగు పారే రోజుల్లో వాగు మీది లోలెవల్ కాజ్‌వే పైనుంచి మోకాలి లోతు నీళ్లు పోతుంటే, "రోజూ పోయే తొవ్వే" అని బండి దింపేవాళ్లను మనం ప్రతి వానాకాలం చూస్తున్నాం. 30 సెంటీమీటర్ల ప్రవాహం చిన్న కారును తేల్చేస్తుంది, 60 సెంటీమీటర్లయితే దాదాపు ఏ కారునైనా పక్కకు లాక్కుపోతుంది. అక్కడ ఎవరి అరచేతులకూ చెమట పట్టదు, ఎత్తు లేదు కాబట్టి, అలవాటైన చోటు కాబట్టి. భయపడాల్సిన చోట భయం రాక మనుషులు పోతున్నారు. వాన పడ్డ రోజు అక్క భయాన్ని ఎక్కడైనా వాడుకోవాలంటే అది ఆ కాజ్‌వే ముందు.

నది ఒడ్డున ఉండేవాళ్లకు వంతెన లేకపోవడం అంటే ఏమిటో కూడా తెలుసు. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర కృష్ణలో పడవ మునిగి 60 మందికి పైగా చనిపోయారు. సోమశిల, సిద్ధేశ్వరం మధ్య వంతెన కావాలని ఆ ప్రాంతం ఇన్నేళ్లుగా అడుగుతోంది అంటే ఆ దుఃఖం కూడా అందులో ఉంది.

మరి తెలిసినా పోని భయం ఎట్లా పోతుంది? ముందు అది ఎట్లా పెరుగుతుందో చూడాలి. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త మౌరర్ 1947లో ఒక సంగతి చెప్పాడు. భయపడ్డ చోటును తప్పించుకున్న ప్రతిసారీ మనకు హమ్మయ్య అనిపిస్తుంది. ఆ హమ్మయ్యే బహుమతి. మెదడు దాన్ని గుర్తుపెట్టుకుని, తప్పించుకున్నాం కాబట్టే బతికాం అని లెక్క కట్టుకుంటుంది. అక్క బస్సెక్కిన ప్రతి పొద్దునా ఆ లెక్క ఒక గీత పెరిగింది. మూడేళ్లలో కారు తాళం ముట్టుకున్నా కడుపులో తిప్పే దాకా వచ్చింది. నడపని వంతెన నడిపిన వంతెన కన్నా పొడుగవుతూ పోయింది.

అమెరికాలో దీనికి ఇంకో రకం ఏర్పాటు ఉంది. మేరీల్యాండ్‌లో 1952లో తెరిచిన చెసాపీక్ బే వంతెన దాదాపు 7 కిలోమీటర్ల పొడవు. భయపడేవాళ్ల కారును డబ్బు తీసుకుని అవతలికి నడిపి ఇచ్చే డ్రైవర్లు అక్కడ ఉన్నారు. మిషిగన్‌లో 8 కిలోమీటర్ల మాకినాక్ వంతెన మీద ఆ వంతెన సిబ్బందే నడిపి దాటిస్తారు. ఇది విన్నప్పుడు అక్కకు చాలా ఊరట కలిగింది, ఇంతమందికి ఉందా అని. నాకు మాత్రం ఆ ఏర్పాటు ఒక పూట అవసరానికే మంచిదనిపిస్తుంది. ఆసుపత్రికి పోవాల్సిన రోజు తప్పకుండా ఇంకొకరితో నడిపించుకోవాలి. రోజూ నడిపించుకుంటే మాత్రం అది బస్సే.

దారి ఏమిటంటే, భయపడే దాని దగ్గరికి మెట్టు మెట్టుగా పోవడం. ఇది కొత్తది కాదు. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే పరిశోధకురాలు కుందేలుకు భయపడే పీటర్ అనే పిల్లవాడి దగ్గరికి, వాడు ఇష్టమైనది తింటున్నప్పుడు, కుందేలును రోజుకు కొంచెం దగ్గరగా తెచ్చి భయం పోగొట్టింది. 1958లో జోసెఫ్ వోల్పే దీన్ని ఒక పద్ధతిగా రాశాడు. ఇప్పుడు ఎక్స్‌పోజర్ థెరపీ అంటున్నది దాని సంతానమే. ఫోబియాలకు ఇంతకన్నా బాగా నిరూపణ అయిన చికిత్స లేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మిషెల్ క్రాస్కే, ఆమెతో పనిచేసేవాళ్లు దీనికి ఒక ముఖ్యమైన మాట కలిపారు. పాత భయం చెరిగిపోదు. దాని పక్కనే "వచ్చాను, భయం వేసింది, ఏమీ కాలేదు" అనే కొత్త జ్ఞాపకం నాటుకుంటుంది. ఆ కొత్తది గట్టిపడాలంటే రకరకాల పరిస్థితుల్లో నాటాలి: పొద్దున, సాయంత్రం, ఎండలో, వానలో, లారీల మధ్య. చాన్నాళ్లు గ్యాప్ వస్తే పాతది మళ్లీ తల ఎత్తుతుంది. అట్లా ఎత్తినంత మాత్రాన పడ్డ కష్టం వృథా అయినట్టు కాదు.

మహబూబ్‌నగర్‌లో ఒక మానసిక వైద్యురాలి సలహాతో అక్క మొదలుపెట్టింది. ఒక నోట్‌బుక్ పెట్టుకుంది. ఎడమవైపు "ఏం జరుగుతుందని అనుకుంటున్నా", కుడివైపు "ఏం జరిగింది", చివర భయానికి పదికి ఎన్ని మార్కులు. టీచరు కదా, ఎర్ర పెన్నుతో వేసేది.

మొదటి ఆదివారం మేం వంతెన ఎక్కనే లేదు. నేనే నడిపి... కాదు, అదీ కాదు, బస్సులో పోయి గుడి దగ్గర దిగాం. ఘాట్ మెట్ల మీద కూర్చుని కింద నుంచి వంతెనను చూశాం. బండ్లు పోతూనే ఉన్నాయి. అక్క లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నేను ఏదో అనబోతే, "ఊకె మాట్లాడకు తమ్మీ, లెక్క తప్పుతది" అంది. 200 దాకా లెక్కపెట్టింది. ఒక్కటీ కిందికి రాలేదు. నోట్‌బుక్‌లో 5 వేసుకుంది.

తర్వాత రెండు వారాలు కారులో పక్క సీటులో, కళ్లు తెరిచి, ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. ఆ తర్వాత హైవే మీది చిన్న ఫ్లైఓవర్ల మీద తనే నడిపింది. నెల దాటాక ఒక ఆదివారం పొద్దున ఆరింటికి, లారీలు పలచగా ఉన్నప్పుడు, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వంతెన ఎక్కింది. నోట్‌బుక్‌లో ముందే రాసింది: "సగం దాకా పోయేసరికి చేతులు పనిచేయవు." ఎడమ వరుస, 40 స్పీడు. మొదటి జాయింట్ దగ్గర ఆమె మెడ నరాలు బిగుసుకున్నాయి. స్టీరింగ్ పట్టుకున్న వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి. చిన్నప్పుడు బావిలో చేద లాగేటప్పుడు పట్టిన పట్టు అది. వైద్యురాలు చెప్పినట్టు ఊపిరి లోపలికి తీసుకున్నదాని కన్నా ఎక్కువసేపు బయటికి వదిలింది, ఒక్కో వేలు సడలించింది, సడలించి మళ్లీ పట్టుకుంది. "దడ వచ్చింది," అని బయటికే చెప్పింది. "రానీ. చేతులు తిరుగుతున్నయి." ఆ మాట ఆమె ఎవరికి చెప్పిందో కానీ నాకు మాత్రం గొంతు పట్టేసింది. అవతలి ఒడ్డున ఆపి నోట్‌బుక్ తీసింది. 9. కుడివైపు: "చేతులు పనిచేసినయి." ఆ పొద్దున నాలుగుసార్లు తిరిగాం. చివరిసారి 6.

ఒకసారి దాటి వెళ్లిపోవడం కన్నా అట్లా మళ్లీ మళ్లీ తిరగడమే ముఖ్యమని నాకు అప్పుడు తెలిసింది. ఒకసారి దాటితే మెదడు "అదృష్టం బాగుంది" అంటుంది. నాలుగోసారికి ఆ మాట అనలేదు.

ఆసరాల గురించి ఒక మాట. భయం ఉన్నవాళ్లకు తెలియకుండానే కొన్ని ఆసరాలు పోగవుతాయి. అక్కకు ఒళ్లో నీళ్ల సీసా, చేతిలో నిమ్మకాయ, స్పీకర్లో నా ఫోన్ కాల్, కారులో హనుమాన్ చాలీసా. ఫోన్ కాల్ ముందే ఆపించాం, అది నిజంగానే ప్రమాదం. నీళ్ల సీసా, నిమ్మకాయ తర్వాత పోయాయి. ఇవి ఉంటే తప్పేమిటంటే, దాటాక ఆ ఘనత నిమ్మకాయకు పోతుంది, ఆమెకు రాదు. చాలీసా విషయంలో వైద్యురాలు ఆమెనే అడిగారు, "అది పెట్టకపోతే ఏమన్నా అవుతుందని అనిపిస్తుందా?" అని. అవునంది. అయితే దాటాక వినమన్నారు. ఇప్పుడు బీచుపల్లి గుడి ముందు నుంచి పోయేటప్పుడు పెట్టుకుంటుంది. దేవుడి మీద భక్తి తగ్గలేదు, ఆయనను కాపలాకు పిలవడం మానింది. ఊపిరి లెక్క కూడా అంతే, భయాన్ని ఆపడానికి మంత్రంలా వాడితే అదీ ఇంకో నిమ్మకాయ అవుతుంది.

కొన్ని పనులు మాత్రం అస్సలు చేయకూడదు. ఆందోళన తగ్గించే మాత్ర ఎవరో ఇచ్చారని వేసుకుని స్టీరింగ్ పట్టకూడదు. వాటిలో చాలావరకు మత్తునిస్తాయి, పైగా కొత్త జ్ఞాపకం నాటుకోవడానికి అడ్డు పడతాయి. ధైర్యం కోసం మందు తాగి నడపడం గురించి చెప్పనే అక్కర్లేదు. బలవంతంగా ఎక్కించి "చూశావా ఏం కాలేదు" అనడం కూడా మంచిది కాదు, అది భయంతోపాటు నమ్మకాన్నీ పోగొడుతుంది. వంతెనకు ముందే భయం ముంచుకొస్తే అక్కడే సురక్షితంగా పక్కకు తీసి ఆగాలి. వంతెన మధ్యలో ఆగకూడదు. వెనక నుంచి వచ్చే లారీ నిజమైన ప్రమాదం. వేగం తగ్గించి ఎడమ వరుసలోనే సాగిపోతే పానిక్ కన్నా వంతెన ముందు అయిపోతుంది.

చెప్పుకోవడానికి చాలామంది జంకే ఇంకో సంగతి ఉంది. వంతెన మీద ఉన్నట్టుండి "స్టీరింగ్ అటు తిప్పేస్తే?" అనే ఆలోచన మెరుస్తుంది, ఆ తర్వాత తనకు పిచ్చి పడుతోందేమోనని మనిషి హడలిపోతాడు. 2012లో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ఎత్తైన చోట దూకాలనిపించే ఈ మెరుపు గురించి విద్యార్థులను అడిగారు. చావు ఆలోచన ఎప్పుడూ లేనివాళ్లలో కూడా చాలామందికి అది కలిగిందని తేలింది. ఒంటి హెచ్చరికను మనసు తర్వాత తప్పుగా అర్థం చేసుకోవడం వల్ల ఇట్లా జరుగుతుందని వాళ్ల వివరణ. ఆ ఆలోచన రావడం, దాన్ని చేయడం మధ్య చాలా దూరం ఉంది. అయితే దిగులు, బతకాలని లేదనిపించడం కూడా ఉంటే అది వేరే సంగతి. అప్పుడు ఒంటరిగా ఉండొద్దు, ఇంట్లో చెప్పండి. 2022 అక్టోబరు నుంచి కేంద్రం నడుపుతున్న టెలీ మానస్ నంబరు 14416. డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. మహబూబ్‌నగర్, నల్లగొండ, సూర్యాపేట ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. వంతెన భయానికి కూడా అక్కడికి పోవచ్చు, చిన్న విషయం అనుకోనక్కర్లేదు.

మగవాళ్ల గురించి నాకు దిగులు ఎక్కువ. వాడపల్లి దగ్గర కృష్ణ దాటి గుంటూరు వైపు సిమెంటు లోడుతో పోయే డ్రైవర్‌కు ఈ భయం వస్తే ఎవరికి చెప్పుకుంటాడు? క్లీనర్‌కు చెబితే నవ్వులపాలు, ఓనర్‌కు చెబితే ఉద్యోగం పోతుంది. అక్కకు బస్సు ఉంది, నేనున్నాను, ఆదివారాలు ఉన్నాయి. అతనికి ఆ రాత్రే దాటాలి. తోటి డ్రైవరు ఎవరైనా ఈ మాట చెబితే నవ్వకుండా వినండి. ఆ ఒక్క రాత్రికి బండి మీరు దాటించండి, తర్వాత డాక్టరు దగ్గరికి తీసుకుపోండి.

అక్క ఇప్పుడు వారానికి ఐదు రోజులు కారులోనే బడికి పోతోంది. భయం పూర్తిగా పోయిందా అంటే లేదు. జాయింట్ దగ్గర ఇప్పటికీ మెడ కాస్త బిగుస్తుందట. మొన్న నోట్‌బుక్ చూశాను. చివరి పేజీలో ఎర్ర పెన్నుతో: "వాన. పక్కన లారీ. నది నిండుగా. 3." కింద ఇంకో వరుస, ఎడమవైపు మాత్రమే నింపి ఉంది. శ్రీశైలం. ఘాట్ రోడ్డు దిగాక డ్యాం కింద కృష్ణ మీద వంతెన ఉంటుంది. ఎవరు నడుపుతున్నారని అడిగితే, "నేనే. బావను, పిల్లలను తీసుకొని పోత. నువ్వు రావద్దు," అంది.